నిలువయుండు మద్యము, నిలువయుండని కల్లు



మద్యమును గూర్చి చరిత్రోపన్యాసమేమని మీలో కొందఱు నొసలు చిట్లింపవచ్చును. త్రాగుడని పురికొల్పుటయు, త్రాగవలదని ధర్మబోధ చేయుటయు నేటి నా పని కాదు. ఒక సీమవారు ఏ చెట్టును పెంచిరి, ఏ ధాన్యమును నానబోసిరి, ఎవరికి పన్ను గట్టిరి, ఎవరిచేత మోసపోయిరి యను సంగతులు వారి పానపాత్రను పరికించినచో కొంత తెలియును. రాజుల యుద్ధములనేకాక జనుల కూడును, గుడ్డను, ఆటపాటలను, ఆహారపానీయములను సైతము చరిత్రగా వ్రాయవలెనని మనకు దారిచూపిన మహనీయుడు ఈ పాలమూరు సీమవాడే. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రమును మీలో పలువురు చదివియుందురు. ఆ బాటనే నేనును రెండడుగులు నడచెదను.

నేను విచారింపబూనిన ప్రశ్న చిన్నది. కొన్ని మద్యములు ఏండ్లు గడచినకొలది రుచికెక్కును. కొన్ని ప్రొద్దు గ్రుంకులోపల చచ్చును. ఈ భేదమేల కలిగెను? ఈ భేదమువలన మన పల్లెలకు కలిగిన మేలెట్టిది, కీడెట్టిది?

పాత మద్యము మేలనుట పాశ్చాత్యులు మనకు నేర్పిన మాట కాదు. చరకసంహితలో అన్నపానములను వివరించునప్పుడు క్రొత్త మద్యము జీర్ణింపక బరువుచేయుననియు, దోషములను రేపుననియు, పాతబడినది తేలికయై ఆకలి పుట్టించి రుచి కలిగించుననియు చెప్పబడినది. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుడను ఉద్యోగికి ఒక ప్రకరణమే కలదు. మేదకము, ప్రసన్నము, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని అందు మద్యభేదములు పేర్కొనబడినవి. ఆ ప్రకరణముననే మఱియొక విధి కలదు. చెడిన సురను వేఱుచోట అమ్మవలెను, లేదా దాసులకును పనివారికిని కూలిగా నీయవలెనట! మంచి మద్యము కలవానికి, చెడిన మద్యము కష్టజీవికి అను ఏర్పాటు ఎంత ప్రాచీనమో చూచితిరా? ఈ మాటను మీరు జ్ఞప్తియందుంచుకొనుడు. దీని పని చివరకు పడును.

ఇక నిలువయుండు మద్యమును గూర్చి చెప్పెదను. బీరు అను మాట నేడు పల్లెలలో సైతము తెలియనివారు లేరు. అది యవలనుండి పుట్టినది. యవలను నానబెట్టి, మొలకెత్తించి, ఆ మొలకలను వేయించి, వేడినీట పులుసుదీసి, హాప్సు అను ఒక తీగెయొక్క చేదుపూవులను అందు కాచి, చల్లార్చి, పులియబెట్టినచో బీరగును. రాగులను మొలకెత్తించి ఎండబెట్టి పిండిచేయుట మన స్త్రీలెఱిగినదే. మొలకలో తీపి పుట్టును, ఆ తీపి పులిసి మత్తగును. హాప్సుయొక్క చేదు దానిని చెడకుండ కాపాడును. సామాన్యమైన బీరు కొలది మాసములకే చప్పబడును. కాని ధాన్యమును రెట్టింపుగా వేసి, తీపిని చిక్కజేసి, మత్తును పెంచి, కొయ్యపీపాలలో ఏండ్లతరబడి నిలువజేసిన బీరులు ఇంగ్లాండుదేశమున పూర్వమునుండియు కలవు.

ఈ బలమైన బీరు మన దేశమునకు ఓడలమీద వచ్చినది. లండను నగరమునకు తూర్పున బో అనుచోట హాడ్జసను అను వర్తకునికొక బీరుశాల యుండెను. పదునెనిమిదవ శతాబ్ది చివరి భాగమున అతని బీరును ఈస్టిండియా కంపెనీ నావికులు మన రేవులకు తెచ్చి అమ్ముచుండిరి. అందులో అక్టోబరు మాసమున కాచినది మిక్కిలి గట్టిది. ఇంగ్లాండున నైనచో దానిని ఒకటి రెండేండ్లు కొట్టున దాచి పిదప త్రాగెడివారు. ఓడలో నాలుగైదు మాసములు ఊగిసలాడుచు, భూమధ్యరేఖను రెండుమాఱులు దాటి, వేడికి కాగి వచ్చుటచే అది ఏండ్లకు రావలసిన పరిపాకమును మాసములలోనే పొందెనని త్రాగినవారు మెచ్చుకొనిరి. 1822 ప్రాంతమున బర్టను పట్టణపు ఆల్సప్పు అను నాతడు పోటీకి దిగెను. 1806లో సికింద్రాబాదు దండుప్రదేశ మేర్పడినది మొదలు ఆంగ్లసైనికులు మన తెలంగాణమున నివాసమైరి. 1874లో వాడినుండి హైదరాబాదునకు రైలుదారి పడువఱకు వారికి కావలసిన సీమసరకులన్నియు ఎడ్లబండ్లమీదనే రావలసియుండెను. 1855లో ఎడ్వర్డు డయ్యరు అను నాతడు హిమాలయప్రాంతమున కసౌలీయందు బీరుశాలను స్థాపించెను. 1919లో అమృతసరమున నిరాయుధులపై తుపాకులు కాల్పించిన డయ్యరు ఇతని కుమారుడే.

పాతబడిన బీరునకు ఆ రుచి యెట్లు వచ్చునో చాలకాలము ఎవరికిని తెలియదు. 1876లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాశ్చరు బీరును గూర్చి గ్రంథము వ్రాసి, పులియుటకు కంటికి కానరాని జీవులే కారణమని నిరూపించెను. 1904లో డెన్మార్కుదేశీయుడైన క్లౌసెను, ఆంగ్లేయుల నిలువబీరులలో మెల్లమెల్లగా పనిచేయు ఒకజాతి ఈస్టును కనుగొని, ఆ వాసనకు అదియే మూలమని చెప్పెను. మొదటి ఈస్టు కొలదిదినములలో పనిముగించి అడుగున పడును. ఈ రెండవది మిగిలిన కొంచెము తీపిని పట్టుకొని ఏండ్లతరబడి పనిచేయుచుండును.

ఇట్టి బీరులలో అరుదైనదానిని నేనొకమాఱు రుచిచూచితిని. 1968లో ఇంగ్లాండునందలి డార్చెస్టరు పట్టణపు బీరుశాలవారు, థామసు హార్డీ యను నవలాకారుడు గతించి నలువదియేండ్లయిన సందర్భమున ఆయన పేర ఒక గట్టిబీరును కాచిరి. అది ఇరువదియైదేండ్లు నిలువయుండునని సీసాపైననే వ్రాసిరి. దాని మత్తు నూటికి పండ్రెండు పాళ్ల వఱకు నుండును, అనగా మన కల్లునకు రెండింతలకు పైమాటయే. విదేశమునుండి వచ్చిన మిత్రుడొకడు ఆ తరగతికి చెందిన పాతసీసాను విప్పి నలుగురికి తలకొక గ్రుక్కెడు పోసెను. నురుగు లేదు. రంగు పాతచింతపండు పులుసువలె నల్లనిది. ముక్కుచెంత నుంచుకొన్నంతనే ఎండుఖర్జూరపువాసన, దానివెనుక పెనముపై మాడిన జొన్నరొట్టెవాసన, ఆ వెనుక తడికొయ్యవాసన వచ్చినవి. నాలుకపై ముందు బెల్లపుపాకము, పిదప వేపపూవు చేదు, మ్రింగినతరువాత గొంతున వెచ్చదనము. గ్రుక్కెడు త్రాగి ఎంతోసేపు మాటలాడుకొంటిమి. మఱియొక గ్రుక్క కావలెనని ఎవరును కోరలేదు.

రుచి గొప్పదే. కాని నాకు తోచినది వేఱు. ఇరువదియేండ్లు ఒక పానీయమును దాచుటకు చల్లని నేలమాళిగ కావలెను, పీపా కావలెను, సీసా కావలెను, అంతకాలము పెట్టుబడి వడ్డీలేక పడియుండినను ఓర్చుకొనగల ధనికుడు కావలెను. నిలువయుండు మద్యము గిడ్డంగి గలవాని మద్యము. కాలము ఎవనిచేతిలో నున్నదో లాభము వానిచేతిలో నుండును.

ఇప్పుడు మన కల్లును చూడుడు. నల్లగొండ, పాలమూరు మెట్టభూములలో వానలు తక్కువ, రాతినేల యెక్కువ. అట్టిచోట నీరుపోయకయే పెరుగునవి తాడియు, ఈదును. గౌడసోదరుడు నడుమునకు ముత్తాదును, చెట్టునకు మోకును తగిలించి, కాటమయ్యను తలచుకొని పైకెక్కి, గెలను గీచి లొట్టి కట్టును. పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు అని గీతకు వచ్చు చెట్లకు వేఱువేఱు పేళ్లున్నవి. కారిన నీరు తీపినీరు. లొట్టిలోపల సున్నము పూసినచో అది పులియక నీరాగా నిలుచును. పూయనిచో గాలిలోని ఈస్టు లొట్టిలోనే పని మొదలుపెట్టును. తెల్లవాఱుజామున దింపినది తీయన. ఎండయెక్కునప్పటికి తీపితో పులుపు కలిసి, నూటికి నాలుగైదుపాళ్ల మత్తుతో, నాలుకపై చురుకుగా నుండును. ప్రొద్దువాలునప్పటికి పులుపు మించును. మఱునాటికి అది కల్లు కాదు, కాడియగు దారిలో నున్నది. హాప్సు లేదు, చిక్కదనము లేదు. నిలువజేయుదమన్నను దాని స్వభావము ఒప్పదు.

ఈ అల్పాయువు లోపముగా కనబడును. చరిత్రలో అది గొప్పరక్షణమయ్యెను. ఏ వర్తకుడును కల్లును కొని ధరపెరుగువఱకు దాచజాలడు. దూరపుపట్టణమునకు పంపజాలడు. గీచినవాడును త్రాగినవాడును ఒక్కయూరివారే గావున, నేడు మోసముచేసినవాడు రేపు ఆ చెట్టుక్రిందనే వారి మొగము చూడవలెను. మోదుగాకు డొప్పలో పోసినంతనే ఇది ఏ చెట్టుది, ఏ జామున దింపినది, నీరు కలిసినదా లేదా యని చెప్పగల వృద్ధులు ప్రతి గ్రామమునను ఉండిరి. సీమబీరును పరీక్షించువారు సీసామీది సంవత్సరమును చూతురు. మనవారు చెట్టును, జామును చూచిరి. ఈ విద్య ఆ విద్యకు తీసిపోదు.

మన సీమలో నిలువయుండు మద్యము లేకపోలేదు. అది ఇప్పసారా. ఇప్పపూవు వేసవి తొలినాళ్లలో తెల్లవాఱునప్పటికి రాలియుండును. ఎండిన పూవు బరువులో సగమునకుమించి చక్కెరయే. మధూకపుష్పము హాలుని గాథాసప్తశతియందును కానవచ్చును, అనగా ఈ దక్కనునేలలో దాని పరిచయము అంత ప్రాచీనము. అమరాబాదు పీఠభూమిలోని చెంచులు ఆ పూవును ఎండబెట్టి ఆహారముగా తినెడివారు, సారాయు కాచెడివారు. 1940లో వారి నడుమ నివసించి, 1943లో వారినిగూర్చి గ్రంథము ప్రకటించిన హైమెన్‌డార్ఫు అను మానవశాస్త్రజ్ఞుడు ఆ జీవనమును వర్ణించియున్నాడు. అప్పుడు మహబూబ్‌నగరు జిల్లాలోనిదైన ఆ ప్రాంతము 2016నుండి నాగరుకర్నూలు జిల్లాలోనిది. పులిసిన పూవును కుండలో కాచినచో, నీటికంటె ముందుగా 78 డిగ్రీల వేడిమికే మద్యసారము ఆవిరియై గొట్టముద్వారా వచ్చి చన్నీటి తాకిడికి చుక్కచుక్కగా కారును. అట్టి సారా పులియదు, చెడదు. మూతబిగించినచో ఏండ్లుండును.

చెడదు గనుకనే దానిపై ప్రభుత్వముల దృష్టి పడినది. దాచదగిన సరకునకు తాళము వేయవచ్చును, కొలిచి పన్ను గట్టవచ్చును, వేలము వేయవచ్చును. నిజాముప్రభుత్వమున ఆబ్కారీ యను శాఖకు కల్లు, సెంది, సారాలవలన గొప్ప రాబడి వచ్చెడిది. 1316 ఫసలీలో, అనగా 1906-07 ప్రాంతమున, హైదరాబాదు ఆబ్కారీ చట్టము వెలువడినది. ఆ చట్టముతో అడవిలో చెంచు కాచుకొన్న కుండెడు సారా నేరమై, గుత్తదారు అమ్మిన సారా వ్యాపారమైనది. కల్లునకు తాళము వేయరాదు గనుక చెట్టుకింతయని పన్ను వేసిరి, దుకాణములను వేలమువేసిరి. చెట్టెక్కువాడొకడు, దుకాణము పాడుకొన్నవాడొకడు అయిరి. మోకు గౌడునిది, మూట గుత్తదారునిది.

గీతవృత్తివారు ఈ ఏర్పాటులను తలవంచి భరించిరని తలపరాదు. మొగలాయీల కాలముననే ఆ కులమున పుట్టిన సర్వాయి పాపన్న దండుకూర్చి 1708లో ఓరుగల్లును కొల్లగొట్టెను, 1709లో భువనగిరిని పట్టెను. తమ్ముడైన కాంబక్షుపై దండెత్తి హైదరాబాదునకు వచ్చిన బహదూరుషా చక్రవర్తి పాపన్న యిచ్చిన కానుకల నందుకొని సన్మానించెను, పిదప పెద్దల మొఱలను విని అతనిపై సైన్యమును పంపెను. 1710లో పాపన్న చంపబడెను. పారసీక చరిత్రకారుడు ఖాఫీఖాను అతనిని దొంగ యనెను. పల్లెవారు వీరుడని పాడిరి. 1874లో బాయిలు అను ఆంగ్లేయుడు ఆ పాటను సేకరించి ప్రకటించెను. ఇటీవలి కాలమున సూర్యాపేటవాడైన బొమ్మగాని ధర్మభిక్షముగారు గీతకార్మికులను సంఘటితపఱచి, గుత్తదారుల పెత్తనము పోయి గీచువానికే చెట్టుపై హక్కుండవలెనని జీవితాంతము పాటుపడిరి. ఆయన 1991లోను, 1996లోను నల్లగొండనుండి లోకసభకు ఎన్నుకొనబడి, 2011లో కీర్తిశేషులైరి. గీతపనివారి సహకార సంఘములు అట్టి కృషియొక్క ఫలములే.

సారాకథ వేఱుదారి పట్టినది. ఊరూర సారాదుకాణములు వెలసి కూలిడబ్బులను హరించుచుండగా, 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో స్త్రీలు తిరుగబడిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించుటచే 1993 అక్టోబరు 1వ తేదినుండి ప్రభుత్వము సారాను నిషేధించెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి 1997లో సడలినది. పిదప సీసామద్యములు, వానితో గట్టిబీరులును పల్లెకు చేరినవి. నేడు భారతదేశమున అమ్ముడుపోవు బీరులో అధికభాగము గట్టిబీరే. ఇది డార్చెస్టరు బీరువలె ఏండ్లు దాచదగినది కాదు. త్వరగా కాచి, త్వరగా త్రాగి, త్వరగా మత్తెక్కుటకు చేసినది. గట్టిదనము వచ్చినది, పరిపాకము రాలేదు.

ఇక నేను చెప్పవలసిన ముఖ్యవిషయమునకు వచ్చితిని. చెట్లు తగ్గినవి. ఎక్కువారు తగ్గినారు. త్రాగువారు మాత్రము తగ్గలేదు. ఒకదినము మాత్రమే నిలుచు కల్లును దూరపుదుకాణములకు బండ్లపై పంపవలెననియు, పది లొట్లకు వచ్చినదానిని వంద లొట్లు చేయవలెననియు ఆశపుట్టినచోట కల్తీ పుట్టెను. నీరు కలిపిరి, తీపికై సాకరిను కలిపిరి, పోయిన మత్తుకు మారుగా క్లోరలుహైడ్రేటు, డైజిపాము, ఆల్ప్రజోలాము అను నిద్రమందులను కలిపిరి. కూలిచేసి అలసిన శరీరము దానికి అలవాటుపడెను. 2015 సెప్టెంబరులో అధికారులు కల్తీని అరికట్టబూనగా, మహబూబ్‌నగరు, నిజామాబాదు, మెదకు ప్రాంతములలో వందలమంది చేతులు వణకి, మూర్ఛలువచ్చి, లేనివి కన్నులకు కనబడి ఆసుపత్రులపాలైరి. అందులో స్త్రీలును కలరు. కల్లు మానినందున వచ్చిన జబ్బు కాదిది. కల్లు పేరిట ఏండ్లతరబడి మ్రింగిన మందు ఒక్కసారి ఆగినందున వచ్చినది. చెడిన సురను పనివారికి ఇమ్మన్న పాతవిధిని మీకు మొదట విన్నవించితిని. వాక్యము మాసినను ఆచారము మాయలేదనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

పెద్దలారా! నిలువయుండని దానిని నిలువయుండునట్లు చేయబోవుటయే ఈ కీడునకు మూలము. ఆంగ్లేయుని బీరు ఏండ్లు నిలుచుట దాని ధర్మము, కల్లు నాటికినాడే ముగియుట దీని ధర్మము. ధర్మము తప్పించినచోట విషము వచ్చినది. సున్నము పూసి దింపిన నీరాకు నేడు ఆదరణ కలుగుచున్నది. 2023లో హైదరాబాదున హుస్సేనుసాగరపుటొడ్డున నీరా అమ్ముటకొక కేంద్రమును తెఱచిరి. మంచిదే. కాని పట్టణపు నీరాకంటె పల్లెలోని నాలుక ముఖ్యము.

కల్తీని పట్టుటకు పట్టణమున పరీక్షాలయము లున్నవి. అక్కడికి సరకు చేరునప్పటికే ఊరు త్రాగియుండును. ఊరిలో మొదటి పరీక్షాలయము మీరే. చెట్టుకల్లు వాసన యెట్లుండునో, జామును బట్టి పులుపెట్లు మాఱునో, ఒక లొట్టి త్రాగినవాడు ఎంతసేపటికి తేరుకొనునో మీకు తెలిసినంతగా ఏ యుద్యోగికిని తెలియదు. తేరుకొనకుండ ప్రొద్దెల్ల జోగువానిని చూచినప్పుడు అది చెట్టుగుణమా, పొడిగుణమా యని చెప్పగలవారు మీరు. ఈ తెలివి పుస్తకములకెక్కలేదు, మీతో పోవును. త్రాగినను త్రాగకున్నను దీనిని మీ పిల్లలకు చెప్పుడు. ఊరికెన్ని తాళ్లున్నవో, ఎన్ని ఈదులున్నవో లెక్కించి, ఆ చెట్లకు రాగల కల్లెంత, దుకాణమున అమ్ముడుపోవు కల్లెంత యని పంచాయతిలో అడుగుడు. ఆ రెండు లెక్కల నడుమ నుండు తేడాయే మీ ఊరివారు త్రాగుచున్న మందు.

ఈ లెక్క అడుగుటకు చదువు అక్కఱలేదు, చెట్లను లెక్కింపవచ్చినంత చాలును.